అందరం ఒకే గదిలో: చెన్నైలో నా బ్లూస్ రాక్ ఆల్బమ్

నా రెండో ఆల్బమ్ మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి శబ్ద సవరణ) పూర్తయి చేతికొచ్చింది. మొదటిది ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో వాద్యాన్ని విడివిడిగా ఎక్కించుకుంటూ చేశాను. ఈసారి అలా వద్దనుకున్నాను. డ్రమ్స్, బేస్, కీబోర్డ్, నా గిటార్, దాంతోపాటే నా గొంతు. నలుగురం ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరికి కనబడేలా ఉండి, పాట మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపులో వాయించి రికార్డు చేయాలి. బ్లూస్ రాక్‌కి సరైన పద్ధతి ఇదేనని నా గట్టి నమ్మకం. చెన్నైలో ఆ పని చేయబోతే ఏమేం అడ్డొచ్చాయో, ఏది ఎలా కుదిరిందో రాస్తున్నాను. గిటార్ పట్టుకుని తెలుగులో సొంత పాటలు కట్టుకుంటున్న పిల్లలు ఇప్పుడు చాలామందే కనిపిస్తున్నారు. వాళ్లకు ఉపయోగపడుతుందని ఆశ.

బ్లూస్ అంటే అమెరికాలో నల్లజాతివాళ్ల నుంచి వచ్చిన పాట తీరు. దాని చట్రం చాలా చిన్నది. మామూలుగా 12 బార్లు (తాళం ఆవర్తనాల్లాంటివి), మూడు కార్డులు (ఒకేసారి పలికించే స్వరాల గుంపులు), అంతే. వందేళ్లకు పైగా ఎందరో తిప్పి తిప్పి వాయించినది. అందులో ఇవాళ కొత్తగా వినిపించగలిగేది వాయించేవాళ్ల మధ్య నడిచే మాటామంతీ. నేనొక స్వరాన్ని లాగి పట్టుకుని ఉంటే డ్రమ్మర్ చెయ్యి కాస్త ఆపుతాడు. బేస్ కింద నుంచి తోస్తే నాకు తెలియకుండానే పిక్ (తీగ మీటే ముక్క) గట్టిగా పడుతుంది. సోలో ఇంకో రౌండ్ తిరగాలా, పాట మళ్లీ ఎత్తుకోవాలా అన్నది అప్పటికప్పుడు కళ్లతోనే తేలిపోతుంది. విడివిడిగా రికార్డు చేస్తే, ముందు వాయించినవాడికి తర్వాతివాడు ఏం చేయబోతున్నాడో తెలిసే వీల్లేదు. అందరూ తప్పుల్లేకుండా వాయిస్తారు, పాట మాత్రం కదలదు.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. అమెరికన్ బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ తన మొదటి ఆల్బమ్‌ని 1982 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో, గాయకుడు జాక్సన్ బ్రౌన్ ఉచితంగా వాడుకోమన్న స్టూడియోలో, మూడు రోజుల్లోపు ముగించాడు. ముగ్గురు మనుషులు, రాత్రుళ్లు క్లబ్బుల్లో వాయించే పాటలే, అదే పద్ధతిలో వాయించారు. 1983లో అది బయటికొచ్చాక బ్లూస్ గిటార్‌కి మళ్లీ మంచి రోజులొచ్చాయి. అంతకుముందు 1966లో ఇంగ్లండ్‌లో జాన్ మేయాల్ బృందంతో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ చేసిన రికార్డు ఉంది. గిబ్సన్ లెస్ పాల్ గిటార్‌ని మార్షల్ ఆంప్‌కి (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) కలిపి, స్టేజీ మీద ఎంత గట్టిగా వాయిస్తాడో స్టూడియోలోనూ అంతే గట్టిగా వాయిస్తానని పట్టుబట్టాడు. ఆ రోజుల్లో స్టూడియో ఇంజనీర్లకు అది మింగుడుపడని వ్యవహారం. రాక్ గిటార్ అనగానే ఇవాళ మన చెవుల్లో మోగే శబ్దంలో చాలా భాగం ఆ పట్టుదల నుంచే వచ్చింది.

ముందు పాటల గురించి చెప్పాలి. ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు బకింగ్‌హామ్ కాలువ చుట్టూ తిరుగుతాయి. మా తాతయ్య కావలి దగ్గర ఆ కాలువ గట్టు మీద పెరిగిన మనిషి. పెద్దగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలిసే ఈ నీటిదారి తీరం వెంబడే దిగి మద్రాసు మీదుగా ఇంకా దక్షిణానికి పోతుంది. 1876–78 కరువులో కూలికి వచ్చిన జనం చేతే కూవం, అడయారు నదుల మధ్య ముక్కని తవ్వించారు. అప్పటి గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ పేరే కాలువకు పడింది. నెల్లూరు వైపు నుంచి వడ్లు, కట్టెలు, ఉప్పు పడవల మీద పట్నానికి వచ్చేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగడమే. ఇప్పుడు చెన్నైలో ఆ కాలువలో ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాలు దిగి ఉన్నాయి. మైలాపూరు వైపు వెళ్లినప్పుడల్లా కిందికి తొంగి చూస్తాను. తాతయ్య చెప్పిన కాలువ అదేనంటే నమ్మడం కష్టం.

బ్లూస్ పుట్టింది కూడా నది పక్కనే. 1927లో మిసిసిపీకి వచ్చిన మహా వరద మీద రెండేళ్లకు మెంఫిస్ మినీ, కాన్సాస్ జో మెకాయ్ కలిసి రికార్డు చేసిన పాటను నేను కొన్ని వందలసార్లైనా విని ఉంటాను. గట్టు తెగుతుందేమోనన్న భయం తప్ప అందులో వేరే అలంకారం లేదు. మినీ అనే ఆవిడ గిటార్ వాయించే ఆడమనిషి కావడం నాకు ఇంకా పెద్ద ధైర్యం. మన కాలువ మీద, తాడు లాగిన మనుషుల మీద ఇలాంటి పాటలు ఎందుకు ఉండకూడదు అన్నదే ఈ ఆల్బమ్‌కి మొదలు.

బ్లూస్ పాట కట్టే తీరు తెలుగుకి హాయిగా సరిపోతుంది. మొదటి పాదం పాడి, దాన్నే ఇంకోసారి పాడి, మూడో పాదంతో ముడి విప్పుతారు. ఒక్కో పాదానికి నాలుగు బార్లు. అందులో దాదాపు సగం గొంతుది, మిగతా సగం గిటార్ జవాబు.

పడవెళ్లిపోయిందమ్మా, తాడేమో నా చేతిలో
ఔనమ్మా పడవెళ్లిపోయింది, తాడేమో నా చేతిలో
నెల్లూరు దాకా లాగినా నీళ్లే లేవు కాలవలో

తెలుగు మాటలు దాదాపుగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి పాదం చివర గొంతుని సాగదీసి, అక్కడి నుంచి గిటార్‌కి అందించడం సులువు. బ్లూస్‌లో షఫుల్ అనే నడక మనకు తెలిసిన తిశ్రగతే (మూడేసి మాత్రల నడక). ఇక స్వరాలంటారా, బ్లూస్ వాళ్లు ఎక్కువగా వాడే అయిదు స్వరాల మైనర్ పెంటటానిక్ స్కేలు అచ్చంగా శుద్ధ ధన్యాసి రాగ స్వరాలే. తెనాలిలో మా మేనత్త వీణ వాయించేది. మెట్టు మీద తీగని పక్కకు లాగి ఒకే మెట్టు దగ్గర రెండు మూడు స్వరాలు పలికించడం నేను మొదట ఆవిడ దగ్గర చూశాను. గిటార్ మీద బెండ్ చేసేదీ అదే పని. బ్లూస్‌లో గాంధారం సాధారణ గాంధారానికీ (కిందిది) అంతర గాంధారానికీ (పైది) మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. సరిగ్గా ఎక్కడ అన్నది వాయించేవాళ్ల చెవికి వదిలేసిన విషయం. కీబోర్డ్ మీద ఆ చోటుకి మీట ఉండదు.

స్టూడియో వెతకడానికి చాలా తిరగాల్సి వచ్చింది. సాలిగ్రామం, వడపళని, వలసరవాక్కం సందుల్లో స్టూడియోలకు కొదవ లేదు. కానీ అన్నీ ఒకే తీరు: ఇంజనీర్ కూర్చునే గది విశాలంగా, చక్కగా అలంకరించి ఉంటుంది, పాడేవాళ్లకు మాత్రం ఒక మనిషి నిలబడే అద్దాల గూడు. ప్రోగ్రామింగ్ చేసి, పైన గొంతు ఒక్కటి తీసుకునే పనికి అది చాలు. డ్రమ్స్ పట్టాలంటే, వాటితోపాటు ఇంకో ముగ్గురు నిలబడాలంటే పెద్ద హాలు కావాలి. కోడంబాక్కం ప్రాంతంలో అలాంటివి ఒకప్పుడు చాలా ఉండేవి. వయొలిన్ల వరస, తబలాలు, కోరస్, గాయకులు అందరూ ఒకేసారి చేసేవాళ్లు. ఒక్కరు తడబడితే పాట మొత్తం మళ్లీ మొదటి నుంచి. మన తెలుగు సినిమా పాటలు కొన్ని దశాబ్దాలు అలాగే తయారయ్యాయి, అదీ ఇక్కడే.

చివరికి పాతకాలపు హాలు ఒకటి కాల్షీట్ లెక్కన దొరికింది. చెక్క నేల, ఎత్తైన కప్పు. అంతకంటే పెద్ద అదృష్టం ఆ హాలుతోపాటు దొరికిన పెద్దాయన. డెబ్బై దాటిన తెలుగు మనిషి. కుర్రతనంలో అసిస్టెంటుగా చేరి, ఆర్కెస్ట్రా మొత్తాన్ని ఒక్క టేపు మీదకి పట్టిన రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్నారు. బ్లూస్ ఎప్పుడైనా విన్నారా అని అడగడానికి నాకు మొహమాటమేసింది. నేను ఏం చేయాలనుకుంటున్నానో చెప్పాక ఆయన అడిగింది ఒక్కటే.

"పాడుతూనే వాయిస్తావా అమ్మా, లేక పాట తర్వాత ఎక్కిస్తావా?"

"పాడుతూనే సార్."

"అయితే నీ మైకులో డ్రమ్స్ పడతాయి, డ్రమ్స్ మైకుల్లో నువ్వు పడతావు. తర్వాత ఇది తీసెయ్, అది మార్చు అంటే కుదరదు. సరేనా?"

సరేనన్నాను. నాకు కావాల్సింది అదే. ఒకరి శబ్దం ఒకరి మైకులో పడడాన్ని బ్లీడ్ అంటారు. ఈ కాలం ఇంజనీర్లకు దాని పేరు చెబితేనే టెన్షన్. ఆయనకు మాత్రం అది దినచర్య. బ్లీడ్‌ని ఆపాలని చూడకుండా, అది వినసొంపుగా ఉండేలా మనుషుల్ని ఎక్కడ నిలబెట్టాలో చూస్తారు. మొదటి రోజు ఆయన మిక్సర్ దగ్గరికే వెళ్లలేదు. డ్రమ్మర్‌ని వాయించమని, తను హాలంతా నడుస్తూ చప్పట్లు కొడుతూ విన్నారు. తర్వాత నన్ను సరిగ్గా డ్రమ్స్‌కి ఎదురుగా నిలబెట్టారు. పాడే మైకు ముందు వైపు బాగా వింటుంది, వెనక వైపు బాగా తక్కువ వింటుంది. నేను డ్రమ్మర్‌ని చూస్తూ పాడితే మైకు వీపు డ్రమ్స్ వైపు ఉంటుంది. దాంతో డ్రమ్స్ చొరబాటు తగ్గింది, మేమిద్దరం కళ్లు కలుపుకోవడమూ కుదిరింది.

ఇంతలో మొదటి పెద్ద అడ్డంకి వచ్చింది, హమ్. నా గిటార్‌లో ఉన్నవి సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల అదురును కరెంటు సంకేతంగా మార్చేవి). వాటి గొంతులో ఉండే పలచని మెరుపు నాకు ప్రాణం. కానీ అయస్కాంతం చుట్టూ తీగ చుట్టిన ఒంటి కాయిల్ కాబట్టి కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుర్రుమనే శబ్దాన్ని కూడా శ్రద్ధగా పట్టేస్తుంది. ఆంప్ గట్టిగా పెట్టేసరికి హాలంతా ఝుమ్మంది. నోయిస్ గేట్ (చిన్న శబ్దాలను కోసేసే పరికరం) పెట్టొచ్చు గానీ, స్వరం మెల్లగా ఆరిపోయే చోట గేట్ దాని తోక కత్తిరించేస్తుంది. నిదానంగా నడిచే బ్లూస్‌లో ఆ తోకే ముఖ్యం.

పెద్దాయన హాలు మేనేజర్ని పిలిచి, "ఎర్త్ పిట్‌లో నీళ్లు పోసి ఎన్నాళ్లయింది?" అని అడిగారు. బిల్డింగ్ వెనక గోడ పక్కన సిమెంటు మూత కింద ఉందది. మూత ఎత్తితే మట్టి ఎండిపోయి, పైపు చుట్టూ పగుళ్లిచ్చి ఉంది. పాత పద్ధతి ఎర్త్ పిట్‌లో రాగి పలక గానీ ఇనప పైపు గానీ దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేస్తారు. ఆ మట్టి తడిగా ఉంటేనే కరెంటు భూమిలోకి సరిగ్గా దిగుతుంది. ఎలక్ట్రీషియన్ని పిలిపించి కొత్తగా ఉప్పు, బొగ్గు వేయించి, బిందెలతో నీళ్లు పోయించారు. మీటర్ పెట్టి కొలిపించారు. హాల్లో ఎల్‌ఈడీ డిమ్మర్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు ఆపేశాం. మా ఆంప్‌లూ కీబోర్డూ అన్నీ ఒకే సర్క్యూట్ మీదకి మార్చాం. ఆ తర్వాత నేను గిటార్ పట్టుకుని ఉన్నచోటే మెల్లగా తిరుగుతూ, హమ్ అతి తక్కువ వినబడే దిక్కు చూసుకున్నాను. నేల మీద టేపు అంటించి, ప్రతి పాటకీ అక్కడే నిలబడ్డాను. హమ్ పూర్తిగా పోలేదు. స్వరం వినబడుతున్నంతసేపు తెలియనంతగా తగ్గింది, అది చాలు.

ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. హమ్ పోతుందని ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసి వాయించేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. వాల్వ్ ఆంప్ (గాజు వాల్వులతో నడిచేది) లోపల వందల వోల్టులు ఉంటాయి. మీ వేళ్లు తీగల మీద, పెదాలు మైకు మీద ఉంటాయి. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ఆంప్ విషయంలో చాలామంది పెద్దది తెచ్చుకోమన్నారు. నేను 15 వాట్ల చిన్న వాల్వ్ ఆంప్‌నే నమ్ముకున్నాను. రెండు ఇఎల్84 వాల్వులు, ఒక 12 అంగుళాల స్పీకర్. బ్లూస్ రాక్ గిటార్‌లో మనం ఇష్టపడే ఆ మందమైన, కొంచెం చిరిగిన గొంతు పవర్ వాల్వులు వాటి శక్తి అంచుకి చేరినప్పుడు వస్తుంది. 100 వాట్ల ఆంప్‌ని అక్కడిదాకా తీసుకెళ్తే ఆ హాల్లో ఎవరూ నిలబడలేరు. పైగా వాట్లు పది రెట్లు పెంచితే మన చెవికి వినబడే గట్టిదనం సుమారు రెండింతలే. 15 వాట్లు డ్రమ్స్ పక్కన ఎక్కువా కాదు తక్కువా కాదు. వాల్యూమ్ ముప్పాతిక దాకా తిప్పి వదిలేశాను. తక్కువ కావాల్సిన చోట గిటార్ మీది నాబ్ తగ్గించుకుని, మెత్తగా మీటేదాన్ని. గట్టిగా మీటితే గొంతు చిరుగుతుంది, మెత్తగా మీటితే తేటపడుతుంది. పెడల్ తొక్కకుండానే ఒక పాటలో ఇన్ని రంగులు వస్తాయి. ఆల్బమ్ మొత్తంలో ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ (గొంతు చిరిగేలా చేసేది), కాస్త స్ప్రింగ్ రివర్బ్ (ప్రతిధ్వని), అంతకుమించి వాడలేదు. తీగలు 11 సైజు, శ్రుతి అర స్వరం దించి పెట్టుకున్నాను. గొంతుకి హాయి, లాగడానికి చేతికీ హాయి.

ఆంప్ ముందు రెండు మైకులు. ఒకటి ఎస్‌ఎం57, 1965 నుంచీ ఉన్న మైకు. స్పీకర్ నడిమి టోపీ, కోన్ కలిసే అంచుకి గురిపెట్టాం. రెండోది రిబ్బన్ మైకు, కాస్త వెనక్కి. రెండు మైకులకూ స్పీకర్ నుంచి దూరం వేరైతే శబ్దం ఒకదానికంటే ఇంకోదానికి ఆలస్యంగా చేరుతుంది. 34 సెంటీమీటర్లకు సుమారు ఒక మిల్లీసెకను. అంత చిన్న తేడాకే రెండూ కలిపినప్పుడు కొన్ని శబ్దాలు ఒకదాన్నొకటి తినేసి గిటార్ పలచబడిపోతుంది. పెద్దాయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక మైకు ఫేజ్ తిరగేసి (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి), రిబ్బన్‌ని వేలెడంత ముందుకీ వెనక్కీ జరుపుతూ గిటార్ అతి సన్నగా వినిపించే చోటు పట్టుకున్నారు. తర్వాత ఫేజ్ మామూలు చేస్తే, అదే చోట గిటార్ నిండుగా నిలబడింది. రిబ్బన్ మైకు ముందూ వెనకా వింటుంది, పక్కలకు దాదాపు చెవిటిది. ఆ పక్కని డ్రమ్స్ వైపు తిప్పారు. ఆంప్ చుట్టూ చెక్క అడ్డుతెరలు నిలబెట్టి, వాటి మీద మా ఇంటి నుంచి తెచ్చిన బొంతలు కప్పాం. మా అమ్మ పాత చీరలతో కుట్టినవి. రెండు మూడు వేల హెర్ట్జ్ పైనున్న శబ్దాలను అవి చక్కగా మింగేశాయి.

చెన్నై ఉక్కతో పోరు వేరే కథ. ఏసీ నడుస్తుంటే మైకుల్లో గాలి హోరు. ఆపితే నలుగురు మనుషులు, వేడెక్కిన వాల్వులు, పది నిమిషాల్లో హాలు ఉడికిపోతుంది. చల్లటి గదిలో శ్రుతి చేసుకున్న తీగ వేడెక్కితే సాగి శ్రుతి దిగుతుంది. కాబట్టి టేకుల మధ్య ఏసీ వేసి, టేకుకి కాస్త ముందే ఆపి, అప్పుడు శ్రుతి చూసుకుని మొదలుపెట్టేవాళ్లం. సముద్రపు గాలికి తీగలు ఊరికే తుప్పు పడతాయి, చెమట తోడైతే ఇంకా తొందరగా. ప్రతి రోజూ పని ముగిశాక పొడిగుడ్డతో తీగల అడుగు వైపు కూడా తుడవడం అలవాటు చేసుకున్నాను. చాలామంది పైపైన తుడిచి వదిలేస్తారు, తుప్పు మొదలయ్యేది అడుగు వైపునే.

ఆర్కాట్ రోడ్డు మీద మెట్రో రెండో దశ పనులు జరుగుతున్న రోజులవి. హాల్లో చెవికి ఏమీ వినబడదు. కానీ కిక్ డ్రమ్ మైకు ఒంటరిగా వింటే అడుగున ఏదో దొర్లుతున్నట్టు గుడగుడ. యంత్రాల అదురు నేలలోంచి స్టాండ్ ద్వారా మైకులోకి ఎక్కుతోంది. స్టాండ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు పెట్టాం. అడుగు శబ్దం అక్కర్లేని మైకులన్నింటికీ ఫిల్టర్ వేశాం. నిదానంగా నడిచే పాటలను మాత్రం రోడ్డు పనులు ఆగే వేళకి, రాత్రికి మార్చుకున్నాం. రాత్రి మాకు కలిసొచ్చింది. పగలు ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చే బేస్ తమ్ముడికి, ఓఎంఆర్‌లో (చెన్నై ఐటీ ఆఫీసుల రోడ్డు) ఉద్యోగం అతనికి, రాత్రిపూట భుజాలు దిగి వేళ్లు వదులవుతాయి. డ్రమ్మర్ పెరంబూరు రైల్వే కాలనీ కుర్రాడు. వాళ్లింట్లో మూడు తరాలుగా సంగీతం. తెలుగు రాదు. పాట అర్థం తమిళంలో చెప్పించుకుని, 'తాడు' అనే మాట వచ్చిన ప్రతిసారీ స్నేర్‌ని కాస్త వెనక్కి లాగి వేయడం తనంతట తానే మొదలుపెట్టాడు. నేను అడగలేదు. ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతుల్లో అదొకటి.

కాలువ పాటకి మేం ఉంచిన టేక్ గురించి కొంచెం చెబుతాను. ఏసీ ఆపి అప్పటికే చాలాసేపయింది. రెండో చరణం దాటాక కీబోర్డ్ ఆయన ఆర్గాన్ శబ్దాన్ని ఎందుకో పూర్తిగా ఆపేశారు. మామూలుగా అక్కడ నిండుగా పట్టి ఉంచుతారు. ఒక్కసారిగా కింద నేల తీసేసినట్టయింది. బేస్, డ్రమ్స్ కూడా చప్పున తగ్గాయి. నేను సోలో ఎత్తుకోవాల్సిన చోట అది. గట్టిగా మొదలుపెట్టాలని అనుకున్న సోలో, గిటార్ నాబ్ సగానికి తగ్గించి ఒకే ఒక్క స్వరంతో మొదలైంది. మూడో తీగ వేడికి అప్పటికే కొద్దిగా దిగి ఉంది. లాగుతుంటే అందాల్సిన చోటుకి ఇంకా అందలేదని చెవికి తెలుస్తోంది, ఇంకా లాగాను. ఆ ఇంకా లాగడం రికార్డులో వినబడుతుంది. 12 బార్లు అయ్యాయి. డ్రమ్మర్ నా వైపు చూశాడు, తల ఊపాను, ఇంకో రౌండ్. ఆర్గాన్ మెల్లగా తిరిగి వచ్చింది. అక్కణ్నుంచి పాట మొత్తం ఎక్కుతూనే పోయింది. చివర్లో డ్రమ్ కర్ర అంచుకి తగిలిన చప్పుడు ఉంది, ఎవరో కుర్చీ జరిపిన చప్పుడూ ఉంది.

పూర్తయ్యాక బేస్ తమ్ముడు, "అక్కా, ఆఖరి రౌండ్ మలుపులో నాది ఒక స్వరం పక్కకి పడింది, అదొక్కటీ సరిచేసుకుంటా" అన్నాడు. పెద్దాయన ఆ స్వరాన్ని డ్రమ్స్ మైకుల్లో వినిపించారు, అక్కడా ఉంది. నా పాట మైకులో వినిపించారు, అక్కడా సన్నగా ఉంది. తీసేసే వీలు లేదు. అతనికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. మర్నాడు కూర్చుని పాట మొత్తం విని, "ఉండనీ అక్కా" అన్నాడు. ఇంకో టేక్‌కి వెళ్దామంటే నేను ఒప్పుకునేదాన్నే. కానీ ఆర్గాన్ ఆగిన ఆ క్షణం మళ్లీ చేస్తే అది ముందే తెలిసిన ఎత్తుగడ అవుతుంది.

మిక్సింగ్ వలసరవాక్కంలో ఒక కుర్ర ఇంజనీర్ చేశాడు. మంచి చెవి ఉన్నవాడు. అలవాటు ప్రకారం మొదట డ్రమ్స్ అన్నీ గ్రిడ్ (కంప్యూటర్‌లోని సమాన తాళపు గీతలు) మీదకి సర్ది, క్లిక్‌తో (ఒకే వేగంతో నడిచే టిక్ టిక్ శబ్దం) కలిపి పంపాడు. మేం క్లిక్ లేకుండా వాయించాం కాబట్టి కాలువ పాట నిమిషానికి 66 బీట్ల దగ్గర మొదలై 70 దాటి ముగుస్తుంది. సర్దిన దాన్నీ సర్దనిదాన్నీ పక్కపక్కన పెట్టి విన్నాం. సర్దినదాంట్లో సోలో రెండో రౌండ్‌లో ఆ ఎక్కడం లేదు. అందరూ అదే స్వరాలు వాయిస్తున్నారు, పాట మాత్రం ఉన్నచోటే ఉంది. అతనే ముందు, "అసలుదే బాగుంది మేడం" అన్నాడు. అక్కణ్నుంచి మిక్సింగ్ తేలికైంది. మైకులు సరైన చోట పెట్టారు కాబట్టి ఫేడర్లు పైకి తోయడమే సగం పని. హాలు మధ్యలో పెట్టిన జంట మైకుల్లోనే దాదాపు పాట అంతా ఉంది.

మాస్టరింగ్‌లో ఎంత గట్టిగా ఉండాలన్నది ఎప్పుడూ ఉండే గొడవే. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటల్ని −14 ఎల్‌యూఎఫ్ఎస్ (వినబడే గట్టిదనానికి కొలత) స్థాయికి తెచ్చి వినిపిస్తుంది. మనం అంతకంటే గట్టిగా నొక్కి పంపితే వాళ్లు వాల్యూమ్ తగ్గిస్తారు. నొక్కినందువల్ల పోయిన ఎత్తుపల్లాలు మాత్రం తిరిగి రావు. ఆర్గాన్ ఆగినప్పుడు పాట నిజంగా చిన్నబోవాలి, చివర్లో నిజంగా పెద్దదవాలి. అందుకే పెద్దగా నొక్కవద్దని చెప్పాను. కార్లో వినే స్నేహితులు మొదట్లో వాల్యూమ్ కొంచెం పెంచుకోవాల్సి వస్తుంది, పెంచుకోమని చెబుతున్నాను.

కాగితాల పని గురించి క్లుప్తంగా. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కి కర్త నిర్మాత, అంటే రికార్డింగ్ చేయడానికి పూనుకుని బాధ్యత తీసుకున్న మనిషి. విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. మన డబ్బు మనమే పెట్టుకున్నా, వాయించినవాళ్లతో ముందే రాసుకోవడం మంచిది. 2012 సవరణ తర్వాత వాయించినవాళ్లకు కూడా రాయల్టీలో హక్కు ఉంది. పాట రాసిన, కట్టిన హక్కుల కోసం పాటల రచయితలు, స్వరకర్తల రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్ఎస్ సంస్థలో సభ్యత్వం తీసుకున్నాను. ప్రతి పాటకీ అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే ఐఎస్ఆర్‌సీ కోడ్ (రికార్డింగ్‌ని గుర్తుపట్టే సంఖ్య) ఉండాలి. ఎవరి వాటా ఎంత అన్నది విడుదలకు ముందే ఒక కాగితం మీద రాసి నలుగురం సంతకాలు పెట్టాం. కాలువ పాట బాణీ నాదే అయినా, ఇప్పుడున్న రూపం ఆ హాల్లో నలుగురి వల్ల వచ్చింది కాబట్టి దానికి నాలుగు సమాన వాటాలు వేశాం. కీబోర్డ్ ఆయన వద్దంటే వద్దన్నారు. ఆర్గాన్ ఆపింది ఎవరని అడిగి సంతకం పెట్టించాను.

ఇప్పుడు కచేరీల కోసం రిహార్సల్స్ మొదలుపెట్టాం. నెల్లూరులో ఒకటి, చెన్నైలో ఒకటి చేయాలని ఉంది. ఆల్బమ్‌లో ఉన్నదంతా నలుగురం ఒకేసారి వాయించిందే కాబట్టి స్టేజీ మీదకు లాప్‌టాప్ తీసుకెళ్లే పని లేదు. ఆంప్, అడ్డుతెరలు, స్టాండ్ల కింది రబ్బరు ముక్కలు ఒకే వ్యానులో పట్టేస్తాయి. నెల్లూరు హాలు వాళ్లకు ఫోన్ చేసి ముందుగా అడిగింది ఎర్త్ పిట్ గురించే.